తుప్పు పట్టని స్లాబు

"ఇనుమే వెయ్యాలంటే ఇంకో మేస్త్రీని చూసుకో అక్కా, నేను రాను" అని మాలకొండయ్య టీ గ్లాసు బల్లమీద పెట్టినాడు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఆదిశేషమ్మ టీ కొట్టు అది. పోయిన వానల్లో ఆమె ఇంటి స్లాబులో కడ్డీలు ఉప్పుగాలికి తుప్పు పట్టి, పెచ్చులూడి, నిద్రపోయే మనవరాలి మీద పడినాయి. బిడ్డ తలకు కుట్లు వేసినారు. ఇప్పుడు కొత్త స్లాబు వెయ్యాల. ఇనుమా, గాజునారతో చేసిన ఫైబరు కడ్డీలా అని ఆమె తేల్చుకోలేక ఉండాది.

"ఫైబరంటే నన్ను చూసి నవ్వినారక్కా. ఇనుము కొట్టాయన నవ్వినాడు, ఇంజినీరూ నవ్వినాడు. నవ్వనీ. మా సందులో కాలవ మీద ఫైబరు కడ్డీలేసి ఒక మూత పోసినా, చిన్నదే, ఉప్పునీళ్లలో నాని నాని కూడా తుప్పు చారన్నా లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానిమీదికి రొయ్యల లారీ ఎక్కింది. లారీ టైరు పగిలింది గానీ మూత పగల్లా."

"లోడు లారీనా అన్నా?" అన్నాడు పెంచలయ్య, వేట నుంచి అప్పుడే వచ్చి కూర్చున్నవాడు.

"లోడే. అది చూసి వలల షెడ్డుకు స్లాబు పొయ్యమన్నారు, పోసినా. తుపానొచ్చి గోడలు కొట్టుకుపోయినాయి, స్లాబు మాత్రం గాల్లో అట్టే నిలబడింది."

"కాంక్రీటుకు బరువుండదా?"

"బరువంతా ఇనుముదే గదబ్బా, అది తీసేస్తే ఇంకేముండాది? మెల్లగా సరస్సులోకి దిగి తేలింది, నేను దానిమీదే ఉండా, బీడీ కూడా ఆరలా, కొంగలొచ్చి పక్కన వాలినాయి, అట్టే పోయి శ్రీహరికోట ఒడ్డుకు తగిలితే కాపలావాళ్లు ఇదెవరి రాకెట్టని అడిగినారు. నాదే అన్నా. నవ్వినోళ్లు ఒక్కరన్నా అక్కడ లేకపోయినారే అనేదే నా బాధ."

ఆదిశేషమ్మ నవ్వలేదు. "తేలిన సంగతి నాకెందుకు? బీములకు రింగులు కావాల గదా, ఆ కడ్డీ ఎట్టా వంచుతావు?"

"ఇనుమును వంచినట్టే. మొండికేస్తే నిప్పుమీద కాస్త కాల్చి వంచుతా."

పెంచలయ్య టీ తాగడం ఆపినాడు. ఆ బెంచీ మీదోళ్లంతా ఫైబరు పడవల మీద బతికేవాళ్లు. గాజుగుడ్డకు జిగురు పూసినాక, తడి ఆరకముందే ఒంపు తిప్పుకోవాల. గట్టిపడినాక వంచితే విరుగుద్ది, కాలిస్తే జిగురు మాడిపోద్ది.

"మా ఆయన పడవ అంచును అట్టనే కాల్చి వంచినాడు" అంది ఆదిశేషమ్మ. "ఆ పడవ మళ్లా నీళ్లు చూడలా. అయినా నేను ఫైబరే వేయిస్తా. నీ మాట నమ్మి కాదు, మా పడవలు చూసి. వంచిన రింగులే ఫ్యాక్టరీ నుంచి తెప్పిస్తా, నువ్వు కట్టు చాలు. ఒక్క కడ్డీ నిప్పుమీద పెట్టినావంటే మాత్రం, ఆ స్లాబు కింద ముందు నువ్వే పడుకోవాల."

"పడుకుంటా. నాకేం భయమా?" అన్నాడు మాలకొండయ్య తల ఎగరేసి. మెల్లగా పెంచలయ్య వైపు జరిగినాడు.

"ఆ ఫైబరు కడ్డీలు యాడ అమ్ముతారో కాస్త కనుక్కుని చెప్పబ్బా."