వంకర ముక్క

బాయిలర్ అన్నయ్య కోతలు కోస్తాడని మా వీధిలో కుక్కపిల్లకి కూడా తెలుసు. అయినా సాయంత్రం నాలుగయ్యేసరికి నా టీ కొట్టు ముందు బెంచీ నిండిపోతుంది. ఆయన మిల్లులో ముప్పయ్యేళ్లు బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు, ఆ పేరే మిగిలింది. రోజూ ఆ వేళకి రోడ్డుకి అవతల ఉన్న బేకరీ నుంచి కాగితంలో చుట్టిన ఓట్స్ బార్ ముక్క ఒకటి ఆయన కోసం వస్తుంది. అడుగున ఓట్స్, మధ్యలో పీనట్ బటర్ అనే పల్లీల వెన్న, పైన మళ్ళీ ఓట్స్ పొడి. ఎప్పుడు చూసినా ఆ ముక్క ఒక పక్కకి కుంగి వంకరగానే ఉంటుంది. ఆ బేకరీ వదినది, అంటే ఆయన భార్యది. పన్నెండేళ్లుగా ఇద్దరూ ఒక ఇంట్లో లేరు, ముక్క మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఇప్పుడు మిల్లు క్వార్టర్లు పడగొడుతున్నారు, నెలాఖరుకల్లా ఆయన ఖాళీ చేయాలి. నిన్న మొహం పక్కకి తిప్పుకుని నాతో ఒక మాట పంపించాడు. "బేకరీ వెనక గది ఖాళీగానే ఉందట కదా చెల్లెమ్మా. ఒకసారి అడిగి చూడు." నేను వెళ్ళి అడిగాను. వదిన పిండి కలపడం ఆపకుండానే, "రేపు నాలుగింటికి మా అమ్మాయితో చెప్పి పంపిస్తాను" అంది. అందుకే కాబోలు, ఇవాళ ఆయన రోజూకంటే గొంతు పెంచి మొదలుపెట్టాడు. బెంచీ మీద పక్క సెలూన్ అతనూ, కరెంటు లైన్‌మనూ ఉన్నారు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదని మీకు తెలుసు కదా. ఏదో ఒక ఆదివారం, సెలవు, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఓ ట్రే ఓట్స్ బార్లు చేశాను, అంతే, అదేం ఘనకార్యం కాదు, చేతులున్నవాడెవడైనా చేస్తాడు. కాకపోతే చేతులంటే ఇవీ." రెండు అరచేతులూ చాపి చూపించాడు. "మంటతో కాపురం చేసిన చేతులు. మీ వదినేమో పుస్తకం ముందర పెట్టుకుని కప్పులూ చెంచాలూ కొలుస్తూ కూర్చుంది. చూశాను, చూశాను, ఇక ఉండబట్టలేక ‘లే, పక్కకి జరుగు’ అన్నాను. ముందు పల్లీలు వేయించాలి. అంతా అందులోనే ఉంది, మాడితే చేదు, వేగకపోతే పచ్చి వాసన. నేను మూకుడు పక్కన చెవి పెట్టి విన్నాను. పల్లీ లోపల నూనె కదిలే చప్పుడు వస్తుంది, అది వినపడగానే దించేయాలి."

"పల్లీలో చప్పుడా అన్నయ్యా?" అన్నాడు సెలూన్ అతను.

"నీ కత్తెర చప్పుడు తప్ప నీకేం వినపడుతుందిలే. గోడకి చెవి ఆనించి బాయిలర్‌లో నీళ్లు ఎంతవరకు మరిగాయో చెప్పినవాణ్ణి నేను. సరే, పల్లీలు మిక్సీలో వేశాను, మిక్సీ కాలిపోయింది, చేత్తో రుబ్బాను. గంటసేపు రుబ్బితే దిగింది పల్లీల వెన్న, ఎలాంటి వెన్న, వేలితో తీస్తే తీగలా సాగింది, సాగి సాగి వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా వెళ్ళింది గానీ తెగలేదు. మా పక్కింటావిడ ఏదో తాడు కట్టారనుకుని దానిమీద తడిబట్టలు ఆరేసుకుంది."

"బట్టలకి జిడ్డు అంటలేదా?" అని లైన్‌మన్ అడిగాడు.

"అంటకేం? అందుకే ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు."

బెంచీ మీద ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మాటకీ మాటకీ మధ్య ఆయన చూపు రోడ్డు దాటి బేకరీ గుమ్మం దాకా వెళ్ళి వస్తోంది. నేను పాలు పొంగకుండా మంట తగ్గించాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరిగించిన వెన్నలో పంచదార, పిండి, ఓట్స్ కలిపి సగానికి పైగా ట్రే అడుగున వేసి అదమాలి. మీ వదిన గరిటె వెనకవైపుతో చంటిపిల్లని జోకొట్టినట్టు తట్టేది. నేను బొటనవేలితో అదిమాను. ఎంత గట్టిగా వచ్చిందంటే, దారిన పోతున్న టైల్స్ మేస్త్రి కిటికీలోంచి తొంగిచూసి, ‘ఏ కంపెనీ సిమెంటండీ’ అని అడిగాడు. దానిమీద పీనట్ బటర్ పరిచాను, మిగిలిన ఓట్స్ పైన పొడిపొడిగా చల్లాను. మూడు పొరలయ్యాయి. అక్కడితో ఆపితే మీ వదిన చేసినట్టే ఉంటుంది. నేను ఆపుతానా? ఇంకో మూడు వేశాను."

"ఆరు" అన్నాడు సెలూన్ అతను.

"ఏడు. లెక్క సరిగ్గా వినవయ్యా. ఇక ఓవెన్. అది నేను ముచ్చటపడి మీ వదినకి కొనిచ్చిన ఓవెన్."

ఆ ఓవెన్ కోసం వదిన ఎనిమిది నెలలు కుట్టుమిషన్ తొక్కింది. పక్క వాటాలో ఉండేదాన్ని కాబట్టి ఆ చప్పుడు రోజూ నా చెవిన పడేది. అయినా నోరు మూసుకుని టీ వడకట్టాను. నాలుగింటికి వచ్చే జనం ఆయన మాటల కోసమే వస్తారు, నా గ్లాసులు వాళ్ల వల్లే నిండుతాయి.

"ఓవెన్ మీద అంకెలుంటాయి, వాటిని నేను నమ్మను. తలుపుమీద అరచెయ్యి పెడితే ఎంత వేడో నా చెయ్యే చెప్తుంది. పెట్టాను, చాల్లేదంది, పెంచాను. మళ్ళీ పెట్టాను, మళ్ళీ చాల్లేదంది. అప్పుడు బయల్దేరిందండీ వాసన. మొదట పెద్దమనిషిలా మెట్ల మీద నిలబడింది, తర్వాత వీధిలోకి దిగింది. మా వీధిలో తొమ్మిదో నంబరు బస్సు ఆగదు, ఆ రోజు ఆగింది. డ్రైవరు దిగాడు, కండక్టరు దిగాడు, లోపలి జనమంతా దిగారు. పళ్ల డాక్టరు పేషెంటుని కుర్చీలోనే వదిలేసి వచ్చాడు, ఆ పేషెంటు తెరిచిన నోరు తెరిచినట్టే పెట్టుకుని వెనకాలే వచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫైరింజన్ వచ్చింది."

"ఎవరు ఫోన్ చేశారు?"

"ఎవరూ చేయలేదు, వాసన పట్టుకుని వచ్చారు. పదకొండు మంది, హెల్మెట్లు తీసి పళ్లేల్లా చేత్తో పట్టుకుని వరసలో నిలబడ్డారు."

"ఆ రోజు మీ వీధికి కరెంటు ఉందా అన్నయ్యా?" అన్నాడు లైన్‌మన్.

"ఊరంతా పోయింది. నా ఓవెన్ ఒక్కటే మొత్తం లాగేసుకుంది. మీ ఆఫీసులో పాత రిజిస్టర్లు తిరగెయ్యి, ఉంటుంది."

అప్పుడు వచ్చింది అమ్మాయి, వాళ్లమ్మాయి. రోజూ బేకరీలో పనిమనిషి తెచ్చే పొట్లం ఇవాళ తనే తెచ్చింది. జుట్టు మీద ఇంకా పిండి ఉంది. బెంచీ చివర నిలబడి, "కానివ్వు నాన్నా, వింటాను" అంది. ఒక చేతిలో పొట్లం, రెండో చేతిలో ఎర్రదారం కట్టిన తాళంచెవి. ఆయన కళ్ళు ముందు పొట్లం మీద పడ్డాయి, తర్వాత తాళంచెవి మీద పడ్డాయి, ఇక అక్కడే ఉండిపోయాయి. మొహం ఒక్కసారిగా విప్పారింది. గది దొరికిందని నేనూ అనుకున్నాను.

"రా అమ్మా, సమయానికి వచ్చావు. ఇదిగో, మా అమ్మాయి అప్పుడు చిన్నది, అంతా కళ్ళారా చూసింది, అడగండి కావాలంటే." ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేకపోయారు. "ఓవెన్ లోపల పొరలు పొంగుతున్నాయి, ఏడు కాస్తా పద్నాలుగయ్యాయి, తలుపు తన్నుకుని తెరుచుకుంది, ట్రే దానంతటదే బయటికి వచ్చి పైకి లేచింది, లేచి లేచి స్లాబుకి తగిలింది. ఆగుతుందా? స్లాబు పగలగొట్టుకుని పై వాటాలోకి పోయింది. చల్లారడానికి మూడు రోజులు పట్టింది, ఆ ఏడు మా వీధికి చలికాలమే రాలేదు. కొయ్యడానికి వడ్రంగి రంపం తెస్తే రంపానికి పళ్ళు ఊడిపోయాయి. పళ్ల డాక్టరు అక్కడే ఉన్నాడు కాబట్టి సరిపోయింది."

సెలూన్ అతను నవ్వుతూ తొడ చరుచుకున్నాడు. అమ్మాయి నవ్వలేదు, విసుక్కోనూ లేదు. చేతిలో పొట్లం విప్పి, ముక్కని ఆయనకి కనపడేలా పట్టుకుంది.

"ఈ మూల ఎందుకు వంకరగా ఉంటుంది నాన్నా?"

ఆ అడగడంలో వెటకారం లేదు. నిజంగా జవాబు కావాలన్నట్టే అడిగింది. ఒక్క క్షణం ఆయన మొహంలో ఏదో మెదిలింది, నేను చూశాను. తర్వాత బెంచీ మీద వాళ్ల వైపు తిరిగాడు.

"మంచి ప్రశ్న అడిగింది. పై వాటాలో ఒకాయన ఉండేవాడు, భారీ మనిషి, గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాల్సిందే. ఆయన సోఫాలో పేపరు చదువుకుంటుంటే కింద నుంచి నా ట్రే వెళ్ళి సోఫాతో సహా ఆయన్ని పైకి లేపింది. ఆ బరువుకి ఒక మూల కుంగిపోయింది. అదీ ఆ వంకర. అది నా సంతకం. ఇవాళ్టికీ వీళ్లమ్మ ఆ వంకర లేకుండా చేయలేదు, చేస్తే జనం కొనరు."

"అమ్మ ఏం చేసింది అప్పుడు?"

"మీ అమ్మా? చిన్న ముక్క నోట్లో పెట్టుకుని ఏడ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని, ‘ఈ విద్య నాక్కూడా నేర్పండి’ అంది. పోన్లే పాపం అని నేర్పాను. బేకరీ ఆవిడది, బోర్డు మీద పేరు ఆవిడది, పనితనం మాత్రం ఇదిగో, ఈ చేతులది."

"మొత్తం ఎన్ని పొరలు నాన్నా?"

"అన్నీ కలిపి ఇరవై ఒకటి."

"మూడు" అంది అమ్మాయి.

నెమ్మదిగానే అంది. స్టవ్ చప్పుడు ఎక్కువైనట్టు అనిపించి నేను కట్టేశాను.

"మూడే నాన్నా. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, కూర్చుని లెక్కపెట్టాను. నువ్వు ట్రే ఎత్తి గోడకేసి కొట్టినప్పుడు అడుగు పొర నేలమీద పడింది. పీనట్ బటర్ గోడకి అంటుకుని ఉండిపోయింది. పై పొడి అమ్మ జుట్టులో పడింది. పై వాటా అంకుల్ సోఫాలో లేడు, చప్పుడు విని కిందకి వచ్చి మన గుమ్మంలో నిలబడ్డాడు. నువ్వు ఆయన మొహం మీద తలుపేశావు. అమ్మ ఏడ్చింది, అది నిజమే. నేర్పమని కాదు."

సెలూన్ అతను చేతిలో గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు.

"ట్రేకి ఆ మూల పడ్డ సొట్ట అప్పటిది. ఆ వారమే ఆ ట్రే పట్టుకుని మేం బయటికి వచ్చేశాం. సరిచేయించమని నేను ఎన్నిసార్లు చెప్పినా అమ్మ వినలేదు. ఆ మూల ముక్క అమ్మకానికి పనికిరాదు, ‘మీ నాన్నకి పంపించు’ అనేది. నువ్వు దాన్ని ప్రేమ అనుకున్నావు. అత్త కూడా అలాగే అనుకుంది." నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. "రోజూ చేతిలో పట్టుకుని చూస్తూ ఉంటే, ఏదో ఒకనాటికి దాని సంగతి ఆయనే నోరు విప్పి చెప్తాడు అనేది అమ్మ. ఇవాళ తాళం నా చేతికిచ్చి, ‘ముందు అడుగు, ఉన్నదున్నట్టు చెప్తే ఇచ్చి రా’ అంది."

పొట్లం బెంచీ మీద ఆయన పక్కన పెట్టింది. తాళంచెవి సంచిలో వేసుకుంది.

"కొత్త ట్రే వచ్చింది. ఇది పాత దాంట్లో ఆఖరి ముక్క. రేపట్నుంచి అన్నీ తిన్నగానే వస్తాయి, నీకు పంపడానికి ఏమీ ఉండదు."

వెళ్తూ నాతో "వస్తాను అత్తా" అంది. పన్నెండేళ్లుగా ఆయన కోతలకి టీ పోస్తున్నది నేనే. ఆ పిల్ల అడిగిన ప్రశ్న నేను ఒక్కసారి అడిగి ఉండొచ్చు. అడిగితే నవ్వు ఆగిపోతుందని అడగలేదు.

అమ్మాయి రోడ్డు దాటడానికి అంచున నిలబడింది. బళ్లు వస్తున్నాయి. అప్పుడు ఆయన గొంతు విప్పాడు. ఎవరి మొహమూ చూడలేదు.

"భోజనం ఆలస్యమైంది. ఆ రోజు ఆదివారం కాదు. షిఫ్టు దిగి వచ్చాను, ఆకలి మీద ఉన్నాను, పొయ్యి మీద ఏమీ లేదు. ఇల్లంతా ఈ వాసనే."

"ఎంతసేపు ఆలస్యమైంది అన్నయ్యా?" సెలూన్ అతను మెల్లిగా అడిగాడు.

ఆయన పొట్లం వైపు చూశాడు, ముట్టుకోలేదు.

"పది నిమిషాలు."

అందులో ఒక్క నిమిషం కూడా పెంచలేదు. రోడ్డు అవతల అమ్మాయి అప్పటికే బేకరీ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.