ఏడో పంజరంలో పిల్లలు

ఏడో పంజరంలో ఉన్న ముసలి మగ ఎలుక ఆరు పిల్లల్ని పెట్టింది. కామారెడ్డిలోని ఆ ప్రయోగశాలలో పరిశోధకురాలు, ఎలుకల్ని సాకే మనిషిని లోపలికి పిలిచి తలుపు మూసింది.

“ఏందన్నా ఇది? మగది ఈనిందా?”

“దేవుని మాయ గావొచ్చు మేడం.”

“ఎకసెక్కాలా? వయసు మీద పడితే ఒంట్ల చక్కెర ఎట్ల కరుగుతది, ఆడదానికీ మగదానికీ తేడా ఏంది అని చూసేందుకే వీటిని రెండేండ్లు సాకినం. మొన్న ఈ ముసలిది పడుసుదాని లెక్క చక్కెర కరిగిస్తే, మిషన్ ఖరాబైందనుకున్న.”

“మిషనే ఖరాబైందేమో.”

“మిషన్ పిల్లల్ని పెట్టదు! నా రెండేండ్ల పని బుగ్గిపాలైతున్నది. నిజం చెప్తవా, సార్‌ను పిలవాల్నా?”

అతను తల దించుకున్నాడు.

“బామ్మర్ది పెండ్లని ఎల్లారెడ్డి పోయిన. ఏడో దాని నీళ్ల సీసా నింపుడు మర్చిన. మూడు దినాలకు వచ్చి చూస్తే ముసలిది సచ్చి ఉన్నది. సోమవారం మీరు బరువు చూస్తరు గదా, దొరికిపోతనని పక్క గదిల పడుసు ఎలుకలకెళ్లి అంతే బరువున్నదాన్ని ఏరి తెచ్చి పెట్టిన, ఆడదో మగదో చూడలే. బలిసిందనుకున్న మేడం, కడుపుతోని ఉన్నదని తెల్వలే.”