ఉప్పునీళ్ల కార్డు

చేపపిల్లల కేంద్రంలో నీళ్లు పరీక్షించే అమ్మాయి గాజు గొట్టంలో మందు కలిపిన నీళ్ల రంగును కార్డు మీది రంగులతో పోల్చి చూస్తోంది. అప్పుడే ఆమె బాబాయి తొట్ల దగ్గర్నుంచి లోపలికి వచ్చాడు.

“ఏంటమ్మా, మొహం అలా పాలిపోయింది?”

“కొంప మునిగింది బాబాయ్. మంచినీళ్లకో రంగు కార్డు, ఉప్పునీళ్లకో రంగు కార్డు ఉంటాయి కదా. వారం నుంచి ఉప్పునీళ్ల తొట్టిని కూడా మంచినీళ్ల కార్డుతోనే చూస్తున్నాను. రెండోది డబ్బా అడుగున అతుక్కుపోయింది. ఇందాకే కనబడింది.”

“అయితే?”

“అమ్మోనియా లేదనుకున్నాను. సరైన కార్డుతో పోల్చి చూస్తే చేపపిల్లల ప్రాణం తీసేంత ఉంది.”

“అలా అనకే, నా గుండె జారిపోతోంది. ఇప్పుడేం చేద్దాం?”

“సగం నీళ్లు మార్చాలి. అంతకంటే ముందు మేత ఆపెయ్యాలి. మేత కుళ్లితే అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. ఊపిరాడకపోతే పిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అలా ఏమైనా ఉన్నాయా?”

బాబాయి తన చేతిని చూసుకున్నాడు. అతని అరచేతికి మేత పొడి అంటుకుని ఉంది.



“పొద్దున్నే అన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయమ్మా. పాపం, ఆకలేమో అనుకున్నాను.”

“ఎంత వేశావ్?”

“మేత డబ్బా మొత్తం బోర్లించేశాను.”