మరమగ్గాల దగ్గరి మాట

వకీలుగారు ప్రాక్టీసు మానేసి, ఆఫీసు గదిలో బీరువా ఖాళీ చేస్తున్నారు. నేత మిల్లులో పనిచేసి రిటైరైన ఆవిడ చూసిపోదామని వచ్చి, ఎదురుగా కూర్చుంది.

“కాస్త గట్టిగా మాట్లాడమ్మా. ఈమధ్య నాకు చెవులు బొత్తిగా పనిచేయడం లేదు.”

“గట్టిగా ఎందుకు సార్? నా పెదాల వంక చూడండి చాలు. మరమగ్గాల హోరులో మేమంతా అలాగే కదా మాట్లాడుకునేవాళ్లం!”

“మర్చిపోతానా? మిల్లు హోరుకి మీకు చెవుడొస్తోందని వేసిన కేసులో సాక్ష్యం చెప్పమంటే, బోనెక్కి పెదాలు కదిలించావే గానీ గొంతులోంచి ఒక్క మాట రాలేదు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.”

“బోను కమ్మీ పట్టుకోగానే మగ్గం ముందు నిలబడ్డట్టే అనిపించింది సార్. మిల్లు వకీలు ‘ఇదంతా నాటకం’ అని ఎగిరెగిరి పడ్డాడు.”

“పడనీ. ‘అయ్యా, మిల్లు ఈమెకి నేర్పిన మాట ఇదే’ అన్నాను. జడ్జిగారు ఇంకో సాక్షిని అడగలేదు.”

“ఆ తీర్పు వచ్చాకే కదా హోరు దూరకుండా చెవుల్లో పెట్టుకునేవి అందరికీ ఇచ్చారు! ఇప్పుడు నా మగ్గం మీద మా అమ్మాయి ఉంది సార్. ఇంట్లో వెనకనుంచి పిలిచినా చటుక్కున తిరుగుతుంది.”

“నిజంగానా?”

“అదే మిల్లులో చేసిన మా అమ్మ తిరిగేది కాదు.”

ఆయన చేతిలోని ఫైలు పక్కన పెట్టారు. ఆవిడ లేచి, గుమ్మం దగ్గర ఆగి, చప్పుడు లేకుండా పెదాలు కదిలించింది.

“ఆ మాట నేననాలమ్మా నీకు. ఆరోజు నీ గొంతు పెగిలి ఉంటే కేసు కాస్తా ఓడిపోయేవాణ్ణి.”