ఊపిరి బిగబట్టే గదికి వీడ్కోలు

సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కునుకు తీయడానికి సిద్ధపడుతున్న అకౌంట్స్ మిత్రులకు, ఫలహారాల గది తలుపు దగ్గరే నిలబడి సభను ఆలకిస్తున్న మా వర్క్‌షాపు సోదరులకు నమస్కారం. ఈరోజు పదవీ విరమణ చేస్తున్నావిడ మీ అందరికీ తూకం మేడమ్, నాకు మాత్రం మా అన్నయ్య భార్య, అంటే వదిన. నేను ఈ పరిశోధనశాలలో వ్యాను నడుపుతాను, సరుకు పెట్టెల్లో సర్దుతాను, పదో తరగతి అంటే ఇష్టం కొద్దీ రెండుసార్లు చదివాను. (నవ్వులు) ఇంతమంది చదువుకున్నవాళ్లుండగా మైకు నాకెందుకిచ్చారో కాసేపట్లో చెబుతాను.

ఇంటివాళ్లతో వచ్చినవారి కోసం మేమిక్కడ చేసేదేమిటో రెండు ముక్కల్లో చెప్పాలి, శాస్త్రజ్ఞులు కాసేపు చెవులు మూసుకోండి. పెన్సిల్లో నల్లటి సరుకుంటుందే, దాన్ని కంటికి ఆనని రేకులుగా విడదీసి, నీళ్లలో కలిపి, జెల్లీలా పేరుకున్నాక గడ్డకట్టించి, ఆ మంచు మళ్లీ నీరు కాకుండానే ఆవిరైపోయేలా, గాలి లాగేసిన పీపాలో ఆరబెడతారు. నీళ్లు పోతాయి, నీళ్లున్న చోటు మాత్రం అలాగే మిగులుతుంది. తొందరపడ్డారో, అంతా కుప్పకూలి తారుముద్దవుతుంది. కుదిరిందా, నల్లటి స్పాంజిలాంటి ముక్క వస్తుంది. నొక్కితే మళ్లీ లేస్తుంది, నూనె చూపిస్తే తాగేస్తుంది, అరచేతిలో పెడితే పెట్టారో లేదో తెలియదు, ఎందుకంటే అందులో ఉన్నది దాదాపు గాలే. ఒకసారి కొన్నవాళ్లు పార్సిలు విప్పకుండానే ఫోను చేసి, "ఖాళీ పెట్టె పంపారేంటయ్యా?" అని నన్ను తిట్టారు. "ముందు విప్పండి, ఆ తర్వాత తీరిగ్గా తిట్టండి" అన్నాను.

దాన్ని ఆరబెట్టేదీ మా వదినే, తూచేదీ మా వదినే. తూకం గదిలో ఫ్యాను ఉండదు, కిటికీ తెరవరు, మాట్లాడరు, తూచేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టాలి, లేకపోతే ముక్క ఎగిరిపోతుంది. ఆ గదిలోకి నన్ను రానివ్వరు, ఎందుకో మీరే ఊహించుకోండి. (నవ్వులు)

డైరెక్టరుగారూ, తమరు కొత్తగా వచ్చిన రోజు గుర్తుందా? ఆ గదిలో నిలబడి, ముక్కను చూసి, "ఆహా!" అన్నారు. అంతే, పళ్లెంలో ముక్క మాయం. ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక ఇంజనీరు మోకాళ్ల మీద నేలంతా పాకారు, తమరు కూడా బల్ల కిందికి వంగారు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. అది తమరి జుట్టులో, చెవి పైన, చక్కగా కూర్చునుంది. చెప్పొచ్చు, కానీ అంత మంచి దృశ్యం మళ్లీ దొరుకుతుందా? (నవ్వులు) మా వదిన నవ్వలేదు. "సార్, కదలకండి, ఊపిరి ఆపండి" అని, పట్టకారుతో తీసి, తూచి, అంకె రాసుకుంది. బయటికొచ్చాక, "చూసి కూడా ఊరుకున్నావు కదూ!" అని నా చెవి మెలిపెట్టింది.

ఆ గది ఆమెతోపాటు ఇంటికీ వచ్చేది. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. భోజనం వడ్డించే ముందు ఆవిడ చెయ్యి దానంతటదే ఫ్యాను స్విచ్ మీదికి పోతుంది, మా అన్నయ్య కంచం ముందు చెమటలు కక్కుతూ, "ఒసేయ్, ఇది అన్నమే, ఎగిరిపోదు" అంటాడు. ఆవిడ గట్టిగా తుమ్మగా నేనెప్పుడూ వినలేదు. చాలామంది దాన్ని నెమ్మదితనం అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు మైకు సంగతి. నిన్న డైరెక్టరుగారు నన్ను తన గదిలోకి పిలిచి, కుర్చీ కూడా వేసి, "మీ వదినగారిని ఇంకో రెండేళ్లు ఉండమని సభలో నువ్వే అడగవోయ్, నలుగురిలో అడిగితే ఆవిడ కాదనరు. స్టోర్స్ బాధ్యత నీకిచ్చే సంగతి కూడా చూద్దాం" అన్నారు. (డైరెక్టరుగారు మంచినీళ్లు తాగారు) తాగండి సార్, తప్పులేదు. ఆయన చెప్పింది నిజమే, మా వదినకు నలుగురిలో కాదనడం చేతకాదు. స్టోర్స్ అంటే నాకు ఆశే, ఎండలో వ్యాను నడిపేవాడికి ఆమాత్రం ఉండదా?

పొద్దున వంటింట్లో కాఫీ ఇస్తూ ఆవిడే అంది. "నిన్ను అడగమన్నారు కదూ?"

"అడగమన్నారు."

"అడక్కు మరిదీ. అడిగితే సరేనంటాను, మళ్లీ ఆ గదిలోకి పోతాను. నాకు ఏదైనా పని చెయ్యాలనే ఉంది, కూరలమ్మడమైనా సరే. నోరు తెరిచి మాట్లాడుకుంటూ చేసే పని చెయ్యాలని ఉంది."

నేను వేళాకోళానికి, "కూరలు తూచేటప్పుడూ ఊపిరి బిగబడతావేమో" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. కళ్లు తుడుచుకుంది. నా మాటకు ఎవరైనా ఏడవడం నాకు అలవాటు లేదు.

అందుకని నేను అడగడం లేదు. ఆరబెట్టడం, తూచడం ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇద్దరు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్లను తొందరపెట్టకుండా ఉంటే చాలు. స్టోర్స్ ఇంకెవరికైనా ఇచ్చుకోండి.

అయితే నా తర్వాత మాట్లాడేది డైరెక్టరుగారే, ఆయన అడక్కుండా ఊరుకోరు. వదినా, లే. పూలగుత్తి తీసుకో, జ్ఞాపిక నేను తెస్తాను. పక్క గుమ్మం దగ్గర వ్యాను స్టార్టు చేసే ఉంది, అన్నయ్య స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. వెనక్కి చూడకు, చూస్తే ఎవరో ఒకరు దండం పెడతారు, నువ్వు ఆగిపోతావు. వర్క్‌షాపు సోదరులారా, దారివ్వండి. (చప్పట్లు)

వెళ్లింది. ఓపిగ్గా విన్న మీకందరికీ, పిలిచి మైకిచ్చిన డైరెక్టరుగారికీ కృతజ్ఞతలు. సార్, ఇక మీ వంతు. అడగదలచుకున్నదేదైనా ఉంటే ఆ ఖాళీ కుర్చీని అడగండి, అది కూడా నలుగురిలో కాదనదు. సెలవు.