సెలూన్ బాబాయ్ గొంతు పరీక్ష

నెలరోజులుగా మా వీధిలో పనులు నడవడం లేదు, కేసే నడుస్తోంది. రేవు దగ్గర లాడ్జి ఓనర్ని ఒక సాయంత్రం తన గదిలోనే ఎవరో చంపేశారు. అదే లాడ్జిలో దిగిన ఒక ఓడ వంటవాణ్ణి పోలీసులు పట్టుకెళ్లారు. ఆ మనిషిది ఏ దేశమో మాకెవరికీ తెలీదు, వాణ్ణి చూసిన పాపాన కూడా పోలేదు. అయినా వాడే చంపాడని సగం వీధి, చంపలేదని సగం వీధి. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఆరిపోతున్నా వదిలేసి వాదించుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి, దాచడం దేనికి.

తీర్పు ఇవాళే. మూడింటికన్నారు. మూడున్నర దాటినా కబురు లేదు. అందరం టీకొట్టు వదిన బల్లల మీద చేరి కూర్చున్నాం, అందరి కళ్లూ సెలూన్ బాబాయ్ మీసం మీదే.

ఎందుకంటే ఆ మీసం పందెంలో ఉంది. వాడు అబద్ధాలకోరు, చంపింది వాడే, కోర్టులో వాడి గొంతు చూసి నేను తేల్చేశాను, కాదని తీర్పొస్తే నా మీసం ఇదే బల్ల మీద వదిన చేత తీయించుకుంటాను అని వారం కిందట నలుగురి ముందూ అనేశాడు బాబాయ్. అది అల్లాటప్పా మీసం కాదు. రెండు కొసలూ తేలు కొండిలా పైకి తిరిగి ఉంటాయి. ఆయన సెలూన్‌కి బోర్డు లేదు, ఆ మీసమే బోర్డు. దాన్ని చూసే జనం లోపలికి వెళ్తారు.

వదిన పొయ్యి మీద ఒక చిన్న గిన్నెలో నీళ్లు విడిగా కాచి పెట్టింది.

"ఇవి టీకి కాదులే మరిదీ," అంది.

చివరి బల్ల మీద మరొక మనిషి ఉన్నాడు. బక్కపలచగా, అంత ఎండలోనూ మెడకి మఫ్లర్ చుట్టుకుని. ప్రెస్సు మేడ మీద గదిలో ఈ మధ్యే దిగాడు, ఎవరితోనూ కలవడు. అప్పుడే ఎక్కణ్ణించో నడిచొచ్చి, వేడినీళ్లు కావాలని సైగ చేసి, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం కొంచెంగా తాగుతున్నాడు. మేం అతణ్ణి పట్టించుకోలేదు.

లెక్కల మాస్టారే కదిపారు. గొంతు చూస్తే అబద్ధం ఎలా తెలుస్తుందోయ్, దానికేమైనా సూత్రం ఉందా అని. అడగడమే ఆలస్యం, బాబాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"మాస్టారూ, మీరు ముప్పై ఏళ్లు పలకలు చూశారు, నేను ముప్పై ఏళ్లు గొంతులు చూశాను. మనిషి కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని నాకు కబుర్లు చెప్తాడు చూడండి, అప్పుడు నాకు ముఖంతో పనేముంది, నా ఎదురుగా ఉండేది గొంతు మీద ముడి, గుటక వేస్తే పైకీ కిందికీ ఆడుతుందే, అదీ. నిజం చెప్పేవాడికి అది ఒక్కసారి గెంతుతుంది. అబద్ధం చెప్పేవాడికి రెండుసార్లు. మా ఆవిడ నా మాట జవదాటదు బాబాయ్ అంటాడు ఒకడు, టక్, టక్, రెండు. నేనేం మాట్లాడను. రెండో గెంతుకి కత్తి ఎత్తేస్తాను, అంతే. అందుకే ముప్పై ఏళ్లలో నా కత్తి కింద ఒక్క గొంతు మీద గీత పడలేదు. ఒక్కటంటే ఒక్కటి."

మఫ్లర్ మనిషి గ్లాసు దించి బాబాయ్ వైపు ఒకసారి చూశాడు. మళ్లీ తాగసాగాడు.

"సరే, వంటవాడు బోనులో నిలబడి తన మాట చెప్పుకునే రోజు కదా అని షాపు మూసి వెళ్లాను. ఇసకేస్తే రాలదు. ఎక్కడో స్తంభం వెనక చోటు దొరికింది. ఇటు స్తంభం, నా ముందు ఒక భారీకాయం, ఆ రెండింటి మధ్యా బెత్తెడు సందు. ఆ సందులోంచి బోను కనిపిస్తోంది, బోనులో మళ్లీ ఎంత కనిపిస్తోందీ, గడ్డం కింద నుంచి కాలరు దాకా. ఇంకొకడైతే ఉసూరుమని ఇంటికొచ్చేసేవాడు. నేను మాత్రం, వెతకబోయిన తీగ కాలికే తగిలిందనుకున్నాను. చక్కని గొంతు. సన్నటి చర్మం, నిమ్మకాయంత ముడి, ఎడమ పక్క బియ్యపు గింజంత గాటు మచ్చ. ఎవడో పని రాని వెధవ గీసి పారేశాడు, పాపం."

"ఇంతకీ మాట్లాడాడా లేదా?" అంది వదిన.

"మాట్లాడకేం. అబ్బో, ఓడలో వంటవాడికి మన భాష ఎంత చక్కగా వచ్చనుకున్నావ్, ఒక్క తప్పు దొర్లలేదు. అక్కడే నాకు తేడా కొట్టింది. గరిటె తిప్పేవాడికి అంత భాష దేనికమ్మా? పైగా ప్రతి జవాబుకీ ముందు ఏదో గొణుగుడు వినపడేది, అర్థం కాని మంత్రంలాగా. అబద్ధానికి బలం చేకూరాలని చదువుకుంటున్నాడు. ఆ సాయంత్రం ఓనర్ గదికి వెళ్లావా అన్నాడు ప్లీడరు. ముందు గొణుగుడు. ఆ తర్వాత, వెళ్లాను, తలుపు కొట్టాను, ఎవరూ తియ్యలేదు, తిరిగొచ్చేశాను అని. టక్. టక్. నేను స్తంభం పక్కనుంచి తల అడ్డంగా ఊపాను, ఊరికే, నాలో నేను. అది జడ్జిగారు చూశారు."

"జడ్జి నీకెలా కనిపించాడు మరిదీ? సందులోంచి గొంతొక్కటే కదా కనిపించింది?"

"ఆయన నాకు కనిపించక్కర్లేదు వదినా, ఆయనకి నేను కనిపిస్తే చాలు. పెద్దవాళ్ల చూపు మీద పడితే వెచ్చగా తెలుస్తుంది. మర్నాడు చూడు, ఆయన నా తల ఊపు చూడందే కాగితం మీద కలం పెట్టలేదు. నిలువుగా ఊపితే రాసేవారు, అడ్డంగా ఊపితే కొట్టేసేవారు. మధ్యలో నాకు మెడ మీద దోమ కుట్టి ఇలా విదిలించుకుంటే, పాపం, రెండు పేజీలు కొట్టేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మధ్యాహ్నం కోర్టు జవాను వచ్చి, అయ్యగారు తమర్ని గదిలోకి రమ్మంటున్నారన్నాడు."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను ముందుకు జరిగాను. నిజం కాదని తెలుసు, అయినా జరిగాను.

"వెళ్లాను. గదిలో కుర్చీ ఒక్కటే ఉంది. నేను నిలబడితే ఆయన ఊరుకోలేదు, తను పక్కకి జరిగి సగం కుర్చీ ఇచ్చారు. తలుపు వేయించి, కాలరు గుండీ తీసి, నా గొంతు కూడా ఒకసారి చూడవయ్యా అన్నారు. పాతికేళ్లుగా ఇంట్లో కూర బాగుందని చెప్తున్నాను, ఆ సంగతి పైకి కనిపిస్తోందా అని. నేను చూసి, అయ్యా, ఇకమీదట కాలరు నాలుగు వేళ్లు ఎత్తుగా కుట్టించుకోండి అన్నాను. చేతులు పట్టుకున్నారు. ఈ కబురు ఎలా పొక్కిందో పొక్కింది, సాయంత్రానికల్లా ప్లీడర్లందరూ చెవులదాకా కాలర్లు లేపుకున్నారు. దర్జీలకి ఊపిరి సలపలేదు. ఒక ప్లీడరైతే కాలరు మరీ ఎత్తు పెట్టించుకుని, దారి కనపడక సొంత క్లయింటు మీదే వాదించేశాడు."

"గెలిచాడా?" అన్నాను.

"గెలిచాడు. అదే కదా వాడి ఏడుపు. ఇక అసలు సంగతి మూడో రోజు. ఓనర్ని చంపింది నువ్వేనా అని సూటిగా అడిగేశాడు ప్లీడరు. గొణుగుడు. అంతా నిశ్శబ్దం. నేను చంపలేదు అన్నాడు. అంతే, ముడి గెంతడం మొదలెట్టింది. రెండుతో ఆగితే నేనెందుకు చెప్తాను. నాలుగు, ఎనిమిది, పదహారు..."

"నిమిషానికి ఎన్ని?" అన్నారు మాస్టారు.

"లెక్కపెట్టడానికి కూర్చున్న గుమస్తాకి మెడ పట్టేసింది మాస్టారూ, ఇప్పటికీ పక్కకే చూస్తున్నాడు. ఆ ఊపుకి గాలి పుట్టింది. ముందు వరసవాళ్లు చలికి ముడుచుకుపోయారు. కరెంటు దండగని ఫ్యాను ఆపించేశారు జడ్జిగారు. కాలరు గుండీ తెగి, తుపాకి గుండులా ఎగిరి, గోడ గడియారానికి తగిలింది. పదకొండుం పావు దగ్గర ఆగిపోయింది ముల్లు. కోర్టు గడియారం కదలందే భోజనానికి లేవకూడదు, అది రూలు. సాయంత్రం దాకా అందరూ పస్తులు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముడి గడ్డం దాకా వెళ్లింది. గడ్డం దాటింది. కనిపించకుండా పోయింది. గొంతు చూస్తే చదును, అరచెయ్యిలాగా. కోర్టు జవాను బయటికెళ్లి దాన్ని మూడుసార్లు పిలిచాడు, హాజరు కాలేదు. పోలీసులు హాలంతా గాలించారు, బల్లల కింద వెతికారు. చివరికి నేనే లేచి, అయ్యా, కుడి చెవి వెనక చూడండి అన్నాను. అక్కడ నక్కి కూర్చుంది. ఇద్దరు పట్టుకుని కిందికి దించితే గానీ దిగలేదు."

వదిన నవ్వాపుకోలేక గరిటె బల్ల మీద పెట్టేసింది. ఇంతోటి దానికి తీర్పు కూడా నువ్వే రాసిచ్చేయకపోయావా అంది.

"రాయమన్నారు వదినా. కలం చేతిలో పెట్టారు. నేనే, చదువు ఐదో క్లాసుతో ఆపేశాను, దస్తూరీ బాగుండదు, తమరే కానివ్వండి, దోషి అని ఒక్క ముక్క రాసేస్తే చాలన్నాను. కాబట్టి నా మీసానికొచ్చిన భయమేం లేదు. ఆ నీళ్లలో కాస్త టీపొడి వేసెయ్."

అప్పుడు చివరి బల్ల దగ్గర గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"బాబాయ్ గారూ," అన్నాడు మఫ్లర్ మనిషి. గొంతు బొంగురుపోయి, గాలి తీసిన హార్మోనియంలా ఉంది. "ఆ వంటవాడికి మన భాష ఒక్క ముక్క రాదండి."

బాబాయ్ చెయ్యి మీసం మీదకి వెళ్లింది.

"వాడు వాళ్ల భాషలో చెప్పేవాడు. మీరు విన్న గొణుగుడు అదే. వాడి మాట మన భాషలోకి మార్చి చెప్పడానికి పక్కనే ఒక దుబాసీని నిలబెట్టారు. వాడు 'నేను' అంటే దుబాసీ కూడా 'నేను' అనే చెప్పాలి, అది కోర్టు పద్ధతి. స్తంభం పక్కనుంచి చూస్తే బోనులో ఇటువైపు నిలబడేది దుబాసీయే."

అని మెల్లగా మఫ్లర్ విప్పాడు. సన్నటి చర్మం. నిమ్మకాయంత ముడి. ఎడమ పక్క, బియ్యపు గింజంత మచ్చ.

బాబాయ్ లేచి దగ్గరికెళ్లాడు. అబద్ధమాడి తప్పించుకోవచ్చు, కానీ చేతికి పని అలవాటు కదా, అది ఆగలేదు. బొటనవేలితో గడ్డం పైకెత్తి, వెలుతురు వైపు తిప్పి చూశాడు. అదే గొంతు.

"ఈ గాటు ఎవడు పెట్టాడు?" అన్నాడు చిన్నగా.

"మీరేనండి. ఈ వీధిలోకి వచ్చిన మర్నాడు మీ సెలూన్‌కే వచ్చాను. కిటికీలోంచి వీధిలో ఎవరికో కబుర్లు చెప్తూ గీశారు. పటిక రాసి, ఇది గాటు కాదు, నీ పుట్టుమచ్చే, ఇన్నాళ్లూ గడ్డం కింద దాక్కుంది అన్నారు."

నవ్వాలనిపించింది గానీ ఎవరం నవ్వలేదు. మాస్టారు మాత్రం ఆగలేక, మరి ఆ రెండేసి గెంతుల మాటేమిటని అడిగారు. గెంతులు నిజమేనన్నాడతను. మూడు వారాలుగా గొంతునొప్పి. దానికి తోడు, ఒక మనిషి ప్రాణం నా నోట్లో ఉంది, మాట అటూ ఇటూ అయితే వాడు పోతాడు, అందుకని ప్రతి మాటా మింగి చూసుకుని మరీ బయటపెట్టాను అన్నాడు.

"తీర్పు?" అంది వదిన.

"మూడింటికే వచ్చిందమ్మా. అప్పట్నుంచీ నాకు మాట పెగల్లేదు, అందుకే వేడినీళ్లు. జడ్జిగారు పూర్తిగా చదివారు. హాలంతా గోల. వాడికేం అర్థం కాలేదు, రెండు చేతులూ బోను కర్రమీద పెట్టి నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను చెప్తే గానీ వాడు బతికాడో లేదో వాడికి తెలీదు. నువ్వు చంపలేదట, ఇక ఇంటికెళ్లిపోవచ్చు అని చెప్పాను, వాళ్ల భాషలో." అతను మఫ్లర్ మడత పెట్టుకున్నాడు. "ఆ మాటకి కూడా నా గొంతు రెండుసార్లు గెంతింది బాబాయ్ గారూ. సందులోంచి చూసి ఉంటే అదీ అబద్ధమనే అనేవారు."

వదిన పొయ్యి మీంచి ఆ చిన్న గిన్నె దించింది.

ఇంకొకరైతే ఏదో వంక చెప్పి జారుకునేవారు. బాబాయ్ అలా చెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. జేబులోంచి తనే కత్తి తీసి, అరచేతి మీద రెండుసార్లు సానపట్టి, పిడి వదిన వైపు తిప్పి ఇచ్చాడు. బల్ల మీద కూర్చుని గడ్డం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. వదిన సబ్బు నురగ పెట్టింది. కుడి కొస రాలి గ్లాసు పక్కన పడింది. ఒక్క కొసతో ఆయన ముఖం, సగం మూసిన షాపులా ఉంది.

మాస్టారికి జాలేసినట్టుంది. వంగి, పోనీలే, మీసం ఎలాగూ పోతోంది, ఇప్పటికైనా నిజం చెప్పవోయ్, జడ్జిగారు నిన్ను గదిలోకి పిలిచారా అన్నారు.

"పిలిచారు మాస్టారూ," అన్నాడు బాబాయ్ కళ్లు తెరవకుండా. "సగం కుర్చీ కూడా ఇచ్చారు."

మేమందరం, దుబాసీతో సహా, వంగి ఆయన గొంతు వంక చూశాం.

టక్.

టక్.

రెండో గెంతుకి వదిన కత్తి ఎత్తేసింది.