నేరేడ్‌మెట్ ఫ్రిజ్‌ల రెండు బాటిళ్లు

"అమ్మమ్మా, నువ్వు దవాఖానల కంప్యూటర్ ఆపరేటర్‌వి గదా. ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

ఎందుకంటే... కూసో జెర. ఎన్నడు ఎవ్వలకు జెప్పలే.

మాది మౌలాలిల చిన్న దవాఖాన. ఇంకోటి నేరేడ్‌మెట్‌ల, పెద్దది సికింద్రాబాద్‌ల. ఏ ఫ్రిజ్‌ల ఏ రక్తం ఉన్నదో అంతా పెద్ద దవాఖాన కంప్యూటర్ల ఉంటుండె. మనం చూడాల్నంటే ఫోన్ లైనుకు మోడెం పెట్టి డయల్ జెయ్యాలె. కీకీ అని ఒర్రుతుండె, ముదనష్టపుది! గా డబ్బా నా రెండు నెల్ల జీతమంత, తెల్సా? మీ తాత అయితే... సరే, గది పోనీ.

మా వాచ్‌మన్ మల్లేశం పెండ్లానికి పొద్దుగాల కాన్పయింది. పిల్ల మంచిగనే ఉన్నది గని తల్లికి రక్తం ఆగుతలేదు. ఆమెది దొరకని గ్రూపు. నర్సమ్మ నేరేడ్‌మెట్‌కు ఫోన్ జేస్తే, "ఫ్రిజ్ చూసి మేమే ఫోన్ జేస్తం" అన్నరట. నేనేమన్న? "వాళ్ల కోసం ఆగుడేంది, అన్ని దవాఖానలయి ఒక్కసారే చూపిస్త" అని లైను తీస్కున్న.

డయలైతది, పాస్‌వర్డ్ తీస్కుంటది, రక్తం లెక్కలున్న డేటాబేస్ కాడికి రాంగనే కనెక్ట్ కాలే అంటది. కట్ జేసుడు, మళ్ల కొట్టుడు. వైరు మార్చిన. స్పీడు తగ్గించిన. పదిసార్లు... కాదు, ఎక్కువనే. మల్లేశం తలుపు కాడ నిలబడి చూస్తుండు. ఆఖరికి పెద్ద దవాఖాన కంప్యూటర్ పేరు తీసేసి దాని నంబరు కొట్టిన. తెర్సుకున్నది! నేరేడ్‌మెట్, రెండు బాటిళ్లు. సంబురంతోని బయటికి ఉరికిన బిడ్డా.

బయట నేరేడ్‌మెట్ అటెండర్ ఐస్ డబ్బా పట్టుకొని ఉన్నడు. "గంట సంది ఫోన్ కొడ్తున్నం మేడం, ఎంగేజే. ఇగ నేనే సైకిలేస్కొని వచ్చిన" అన్నడు.

దవాఖానకు ఉన్నదే ఒక్క లైను. నాకు తెల్వదా? కనెక్ట్ అయ్యేటప్పుడు ఫోన్ ఎత్తకుండ్రి అని రోజు అందరి మీద అరిచేది నేనే గదా! డాక్టరమ్మ రక్తం ఎక్కించింది గని... అయిపోయింది. అప్పటికే ఆలస్యమైంది, తల్లి దక్కలే.

మల్లేశం వచ్చి నా చేతులు పట్టుకున్నడు. "అక్కా, నా పెండ్లాం కోసం ఎంత తక్లీఫ్ వడ్డవక్కా" అన్నడు. నిజం జెప్పాల్నని నోరు తెర్సిన. రాలే. గా నెల్లనే నౌకరి ఇడిసిపెట్టిన.

గానాడు పుట్టిన మల్లేశం బిడ్డ పెండ్లికి పిలిస్తే పోయిన. నా కాళ్లు మొక్కింది బిడ్డా. మొక్కించుకున్న. దీవించిన సుత.

నీకు గిసుంటి గతి రావద్దు, నాయినా...